ప్రాంప్ట్ ఇస్తే వంద పదాల్లో కథ రాయడం ఎలా? మొదటి ఐడియా నుంచి ఫైనల్ కాపీ దాకా

"చివరి బస్సు". ఈ రెండు మాటలు ఇచ్చి వంద పదాల్లో కథ రాయండి అంటే వచ్చేవాటిల్లో సగం కథలు ఏంటో చదవకుండానే చెప్పెయ్యొచ్చు. ఒకటి దెయ్యం బస్సు, ఎక్కినోడికి పొద్దున తెలుస్తుంది ఆ బస్సు పదేళ్ళ కిందటే లోయలో పడిపోయిందని. రెండోది లవర్స్ విడిపోవడం, అతను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. మూడోది ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి వెనకాల ఎవడో వస్తుంటాడు, భయపడి చచ్చిపోతుంది, తీరా చూస్తే బస్సులో మర్చిపోయిన పర్సు ఇద్దామని వస్తున్నాడు పాపం. ఇవి రాసినవాళ్ళకి రాయడం రాదని కాదు, వాక్యం శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే ప్రాంప్ట్, అంటే కథ రాయమని ఇచ్చిన మాట, చూడగానే ఏది తట్టిందో దాన్నే పట్టుకుని కూర్చున్నారు. అదే సమయంలో ఇంకో యాభైమందికి కూడా అదే తట్టింది.

అందుకని ఇదే ప్రాంప్ట్ తీసుకుని మొదట్నుంచి చివరిదాకా ఒక కథ రాసి చూపిస్తా, మధ్యలో ఎక్కడెక్కడ ఏం చెయ్యాలో చెప్తా. పక్కన ఒక పేపరు పెట్టుకుని మీరు కూడా వేరే ప్రాంప్ట్‌తో రాస్తూ పోతే ఇంకా మంచిది.

ముందు సైజు సంగతి తేల్చుకోండి

ఇంగ్లీషులో దీనికి రకరకాల కొలతలున్నాయి. సరిగ్గా వంద పదాలుంటే డ్రాబుల్ అంటారు, 1980ల్లో బ్రిటన్ సైన్స్ ఫిక్షన్ అభిమానులు మొదలుపెట్టిన ఆట అది. 55 పదాల కథలకి 1987లో కాలిఫోర్నియాలో ఒక వారపత్రిక పోటీ పెట్టింది, అక్కణ్ణుంచి అదో పద్ధతి అయిపోయింది. ఆరు పదాల కథలు సరే, అందరికీ తెలిసిందే, నా మట్టుకు నాకు అవి కథల కన్నా మంచి క్యాప్షన్‌లలా అనిపిస్తాయి.

మనకేం కొత్త కాదు ఇది. వారపత్రికలు రాజ్యమేలిన రోజుల్లో కార్డు కథలని ఉండేవి, పోస్టుకార్డు మీద పట్టేంత కథ, పేరూ అడ్రసూ పోను మిగిలిన జాగాలోనే మొత్తం చెప్పెయ్యాలి. మినీ కథ, సింగిల్ పేజీ కథ, ఇవన్నీ ఆ చుట్టాలే. కొడవటిగంటి కుటుంబరావు గారు గల్పికలు రాశారు, కథకీ వ్యాసానికీ మధ్యలో ఉండే చిన్న రచనలు. ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో అయితే దేశ విభజన మారణకాండ మీద 1948లో ఒక చిన్న పుస్తకం వేశాడు, అందులో కొన్ని రెండు మూడు వాక్యాలే ఉంటాయి, చదివాక కాసేపు ఇంకేం చదవలేం.

ఇక్కడ తెలుగులో ఒక చిక్కుంది. వంద పదాలు అన్నది ఇంగ్లీషు లెక్క. మనకి "వెళ్ళిపోదామనుకుంటున్నాడట" అనేది ఒకటే పదం, ఇంగ్లీషులో అది ఆరేడు పదాలు. అంటే తెలుగు వంద పదాల్లో ఇంగ్లీషు వంద కన్నా చాలా ఎక్కువ సరుకు పడుతుంది, కాబట్టి జాగా చాల్లేదు అని గోల పెట్టడానికి మనకంత హక్కు లేదు. గూగుల్ డాక్స్‌లో గానీ వర్డ్‌లో గానీ లెక్క స్పేస్‌ని బట్టి వస్తుంది, దాంతో కొంతమంది పదాలన్నీ కలిపేసి లెక్క తగ్గిస్తుంటారు, చదివేవాడికి ఊపిరాడదు, ఆ పని చెయ్యకండి. నేను చెప్పేదేంటంటే మొదట్లో పదాలు లెక్కపెట్టకుండా పైకి చదవండి. నిమిషం, నిమిషంన్నర లోపు అయిపోతే మీరు దారిలోనే ఉన్నారు. పోటీకి పంపేటప్పుడు ఎలాగూ లెక్క చూసుకుంటారు.

ప్రాంప్ట్ ఏ రకమో చూడండి

ఒకే మాట ఇస్తారు, "గొడుగు" అని. లేదా మొదటి వాక్యం ఇచ్చి అక్కణ్ణుంచి రాయమంటారు. లేదా సంబంధం లేని మూడు మాటలు ఇస్తారు. ఫొటో ఇస్తారు. ఒక్కోసారి సిట్యుయేషన్ ఇస్తారు, "పెళ్ళి మండపంలో కరెంటు పోయింది" లాంటిది.

వీటిల్లో ఒకే మాట ఇచ్చేదే అన్నిటికన్నా కష్టం, ఈజీ అనుకుంటాం గానీ కాదు, ఎందుకంటే గోడలు లేవు, ఎటైనా పోవచ్చు, అందుకే అందరూ ఒకేవైపు పోతారు. మూడు మాటలు ఇచ్చేది మాత్రం మన అవధానంలో దత్తపదికి దగ్గర. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, నాలుగు పదాలిస్తాడు, కావాలని ఒకదానికొకటి పొసగనివి, ఒక్కోసారి అసలు తెలుగే కానివి, ఇచ్చి భారతార్థంలో చెప్పండి అంటాడు. అవధాని ఆ పదాల్ని పద్యంలో ఎలా ఇముడుస్తాడంటే అక్కడ వాటిని ఎవరో బయటినుంచి ఇచ్చారన్న సంగతే మనం మర్చిపోతాం. మూడు మాటల ప్రాంప్ట్‌కి కూడా పరీక్ష అదే. మూడిట్లో ఏది అన్నిటికన్నా అతకనట్టుందో దాన్నే కథకి నడుం చెయ్యండి, మిగతా రెండూ వాటంతట అవే సర్దుకుంటాయి. ఉదాహరణకి "అమ్మ, గ్యాస్, ఓటీపీ" అని ఇచ్చారనుకుందాం. అమ్మ, గ్యాస్ ఎలాగూ ఒక ఇంట్లోవే. అతకనిది ఓటీపీ. దాన్నే పట్టుకుంటే:

"నాన్న సిమ్‌కి అమ్మ ఇప్పటికీ రీచార్జ్ చేయిస్తుంది. గ్యాస్ బండ వచ్చినప్పుడు ఓటీపీ దానికే వస్తుందట. మొన్న నేను ఏజెన్సీకి వెళ్ళి నంబర్ నాది ఎక్కించి వచ్చాను. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు."

నాలుగు వాక్యాలు. నాన్న పోయాడని ఎక్కడా లేదు, అమ్మకి బాధేసిందని లేదు. దీని సంగతి మళ్ళీ కింద మాట్లాడుకుందాం.

మొదటి మూడు ఐడియాలు రాసి కొట్టేయండి

నిజంగానే పేపరు మీద రాయాలి, మనసులో అనుకుంటే సరిపోదు. చివరి బస్సు అనగానే తట్టినవి: దెయ్యం, లవర్స్, ఒంటరి అమ్మాయి. రాశాం, గీత పెట్టాం. ఇప్పుడు నాలుగోదాని కోసం ప్రాంప్ట్‌ని కొంచెం తిప్పి చూడాలి.

ఎలా తిప్పాలో మనకి సమస్యాపూరణం, అంటే ఎవరో ఇచ్చిన ఒక పాదానికి పద్యం పూర్తి చెయ్యడం, ఎప్పుడో నేర్పింది. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే చాటువు ఉంది కదా, "కుంజరయూధంబు దోమ కుత్తుక జొచ్చెన్", ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట. మామూలుగా ఆలోచించేవాడు ఏనుగుని చిన్నది చేద్దామా, దోమని పెద్దది చేద్దామా అని కొట్టుకుంటాడు. ఆయన రెండిట్నీ ముట్టుకోలేదు, చోటు మార్చేశాడు. అంతటి పాండవులు పోయి విరాటరాజు కొలువులో పనికి కుదిరారు, విధిని ఏమందుం సంజయా, ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరినట్టుంది అని పూరించాడు. ఇచ్చిన మాట అలాగే ఉంది, అక్షరం మారలేదు, కానీ అది ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో మారింది. ప్రాంప్ట్‌తో చెయ్యాల్సింది కూడా అంతే, మాట ఉంచండి, మాట్లాడేవాణ్ణి మార్చండి.

చివరి బస్సు ఎవరిది? ఎక్కేవాడిది అని మనం ముందే ఫిక్సయిపోయాం. డ్రైవర్‌ది కావచ్చు, కండక్టర్‌ది కావచ్చు, బస్టాండులో ఆఖరి బస్సు పోయాక షట్టర్ వేసుకునే టీ కొట్టాయనది కావచ్చు, ఆ బస్సులో రోజూ పాలక్యాన్లు వేసేవాడిది కావచ్చు. రిటైరయ్యే డ్రైవర్‌కి ఆ రోజు నడిపేదే చివరి బస్సు (ఇది కూడా కాస్త తొందరగానే తడుతుంది, కాబట్టి వద్దు). కండక్టర్ దగ్గర ఆగుదాం, ఎందుకంటే అక్కడ ఒక గమ్మత్తుంది. మన పల్లెటూళ్ళకి నైట్ హాల్ట్ బస్సులని ఉంటాయి, రాత్రి ఆఖరి ట్రిప్పుకి ఊరికి వచ్చి అక్కడే ఆగిపోతుంది, డ్రైవరూ కండక్టరూ ఆ ఊళ్ళోనే పడుకుంటారు, పొద్దున్నే అదే బస్సు తిరిగి టౌనుకి పోతుంది. అంటే రాత్రి చివరి బస్సే పొద్దున మొదటి బస్సు. ఇది దొరికిందంటే ప్రాంప్ట్ తాళం తెరుచుకున్నట్టే. మరి ఆ రెండిటికీ మధ్య రాత్రంతా ఆ బస్సులో ఎవరుంటారు?

చూశారా, ఐడియా అనేది ఊహలోంచి ఊడిపడలేదు, బస్సులు నిజంగా ఎలా తిరుగుతాయో తెలియడం వల్ల వచ్చింది. అందుకే ప్రాంప్ట్ ఇచ్చినప్పుడు దాని గురించి మీకు తెలిసిన ఉత్త విషయాలు, అంటే కథకి పనికిరావు అనిపించేవి, ఓ ఐదారు రాసుకోండి. గొడుగు అంటే వర్షమూ ప్రేమా కాకుండా రిపేరువాడు, విరిగిన ఊచ, గుళ్ళో చెప్పుల దగ్గర మారిపోయిన గొడుగు, సైకిల్ హ్యాండిల్‌కి వేలాడే గొడుగు. కథ అందులోంచే వస్తుంది.

ఏం మారింది?

చిన్న కథలో పెద్ద సంఘటన అక్కర్లేదు గానీ ఏదో ఒకటి మారాలి. ఒక మనిషి ఇంకో మనిషిని చూసే తీరు మారొచ్చు, తీసుకున్న నిర్ణయం మారొచ్చు, లేదా పాత్రలన్నీ అలాగే ఉండి పాఠకుడికి తెలిసింది మారొచ్చు. మార్పు లేకపోతే అది వర్ణన అవుతుంది, ఎంత బాగా రాసినా సరే. రాసే ముందు ఒకే వాక్యంలో చెప్పుకోవాలి. మన కథకి: "దిగమని చెప్పాల్సిన కండక్టర్ దిగమనకుండా ఊరుకున్నాడు." ఈ వాక్యం కథలో రాదు, మనకోసమే. ఇందులో ఒకటి కన్నా ఎక్కువ "ఆ తర్వాత"లు వస్తుంటే అది వంద పదాల కథ కాదని అర్థం, దాన్ని నాలుగు పేజీల కథకి దాచుకోండి.

మనుషులు ఇద్దరు చాలు, మహా అయితే మూడోవాడు ఒక మాట అని పోవచ్చు. చోటు ఒకటి. కాలం, ఆ ఐదు నిమిషాలు. ఫ్లాష్‌బ్యాక్ వద్దు, ఒకట్రెండు చిన్న వాక్యాలు తప్ప కచ్చితంగా వద్దు.

మొదటి డ్రాఫ్టు చెత్తగానే రాయండి

టైమర్ పెట్టుకుని పదిహేను నిమిషాల్లో, పదాల లెక్క చూడకుండా, వెనక్కి తిరిగి దిద్దకుండా రాసేయండి. ఇలా వస్తుంది మామూలుగా:

"అది ఒక చలికాలపు రాత్రి. వెంకటేశం పదిహేనేళ్ళుగా ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేస్తున్నాడు. రోజూ చివరి బస్సుతో ఆ ఊరికి వచ్చి అక్కడే పడుకుని పొద్దున్నే తిరిగి వెళ్తాడు. ఆ రోజు అందరూ దిగిపోయినా ఒకామె మాత్రం దిగలేదు. ఆమె ముఖంలో చెప్పలేని బాధ. చెంప మీద దెబ్బ. భర్త కొట్టి గెంటేశాడని, పుట్టింట్లో ఎవరూ లేరని, ఎక్కడికి పోవాలో తెలియక ఫ్రీ బస్సు కదా అని ఎక్కేశానని ఏడుస్తూ చెప్పింది. వెంకటేశానికి చనిపోయిన తన చెల్లెలు గుర్తొచ్చింది. కళ్ళు చెమర్చాయి. తన టిఫిన్ బాక్స్ ఆమెకిచ్చి 'తిను చెల్లే' అన్నాడు. మానవత్వం ఇంకా బతికే ఉంది అనుకుందామె."

నవ్వకండి, ఇది అవసరమే. కథ మొత్తం ఏంటో మనకి తెలిసింది. ఇప్పుడు పాఠకుడికి ఎంత తక్కువ చెప్పి అదే తెలిసేలా చెయ్యొచ్చో చూడాలి.

కత్తెర

"అది ఒక చలికాలపు రాత్రి" తీసేయండి. పండిన తెలుగు కథకులు కూడా ఇలా మొదలుపెట్టినవి ఉన్నాయి గానీ వాళ్ళకి పది పేజీలు ఉన్నాయి. వెంకటేశం పేరెందుకు? కండక్టర్ అంటే చాలు, ఇద్దరే మనుషులున్నప్పుడు పేర్లతో పని లేదు. పదిహేనేళ్ళ సర్వీసు మనకి అనవసరం. నైట్ హాల్ట్ సంగతి వివరించక్కర్లేదు, పొద్దున ఫస్ట్ బస్సు ఇదేనని ఒక డైలాగ్‌లో తెలిసిపోతుంది.

భర్త కొట్టాడన్న ముక్కంతా ఆమె నోటితో చెప్పించాం, ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. దెబ్బ తిని రాత్రిపూట బస్సెక్కినామె కండక్టర్‌కి లైఫ్ స్టోరీ చెప్పదు, దాచుకుంటుంది. దాచుకోవడాన్ని చూపిస్తే దెబ్బ దానంతటదే కనిపిస్తుంది. ఫ్రీ బస్సు సంగతి మంచి పాయింటే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు (ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి). అంటే చేతిలో రూపాయి లేకుండా ఇంట్లోంచి బయటపడ్డామె కూడా బస్సెక్కగలదు. "జీరో టికెట్" అన్న రెండు మాటల్లో ఇదంతా ఉంది, వివరించాల్సిన పన్లేదు.

చనిపోయిన చెల్లెలు. తీసేయాల్సిందే. సాయం చెయ్యడానికి మనిషికి ఒక విషాదగాథ ఉండి తీరాలన్నట్టు రాస్తాం మనం, ఎందుకో మరి, సినిమాల అలవాటు కావచ్చు. కళ్ళు చెమర్చడం, చెప్పలేని బాధ, మానవత్వం, ఈ మూడూ పాఠకుడి పని మనం చేసేయడం.

దీనికి నేను వాడే చిట్కా నిషిద్ధాక్షరి. అవధానంలో పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు కదా, అలా కథ మొదలెట్టే ముందే కథ దేని గురించో ఆ మాటల్ని నిషేధించుకోండి. ఈ కథకి నిషిద్ధాలు: బాధ, కన్నీళ్ళు, భర్త, కొట్టడం, జాలి, మానవత్వం. ఓటీపీ కథకి నిషిద్ధాలు: చనిపోవడం, జ్ఞాపకం, మిస్సవ్వడం. ఈ ఒక్క పని చేస్తే మీ కథ సగం బాగుపడుతుంది, కావాలంటే మీ పాత కథ ఒకటి తీసి చేసి చూడండి.

కత్తిరించాక:

చివరి బస్సు

తొమ్మిదిన్నరకి బస్సు మర్రిచెట్టు కింద ఆగింది. డ్రైవర్ దిగి చాప దులుపుకుంటున్నాడు.

"లాస్ట్ స్టాప్. దిగాలె అమ్మా." అన్నాడు కండక్టర్.

ఆమె కదల్లేదు. ఒళ్ళో బట్టల సంచి.

"పొద్దుగాల ఫస్ట్ బస్సు ఎన్నింటికి?"

"గిదే బస్సు. ఐదింటికి."

"మంచిది." సంచి తలకింద పెట్టుకుని, ఎడమ చెంప కనపడకుండా కిటికీవైపు తిరిగింది.

ఎక్కినప్పుడు ఏడికని అడిగితే ఆఖరిదాకా అంది. జీరో టికెట్ కొట్టిచ్చాడు.

"లైట్లు బంద్ చెయ్యనా?" కిందనుంచి డ్రైవర్.

"ఉండనీ." కండక్టర్ సీటు కిందనుంచి టిఫిన్ బాక్స్ తీశాడు.

"చెల్లే, తిన్నవా?"

అరవైకి కొంచెం తక్కువ పదాలే. వందకి ఇంకా జాగా ఉంది గానీ నింపాలన్న రూలేం లేదు, పోటీలో సరిగ్గా వంద అని అడిగితే తప్ప.

పిలుపులూ క్రియలూ, మన చేతిలో ఉన్న ఆయుధాలు

పై కథలో మార్పు ఎక్కడ జరిగిందో చూడండి. మొదట "అమ్మా" అన్నాడు, అది కండక్టర్లు అందర్నీ అనే మాట, డ్యూటీ మాట. ఆఖర్న "చెల్లే" అన్నాడు. ఆ రెండు పిలుపుల మధ్య దూరమే ఈ కథ. ఇలాంటి వసతి మనకి బోలెడంత ఉంది. మీరు నుంచి నువ్వుకి దిగడం, నువ్వు నుంచి మీరుకి ఎక్కడం (ఇది ఇంకా భయంకరం, మొగుడూ పెళ్ళాం గొడవపడ్డాక ఒకరు సడన్‌గా "మీరు తినేసి పడుకోండి" అంటే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో పేరా రాయక్కర్లేదు), రా, రావే, రండి, వస్తారా. కోడలు అత్తయ్యగారూ అనేది అత్తా అంటే ఒక కథ, అమ్మా అంటే ఇంకో కథ. చిన్న కథ రాసేవాడు ఇవి వాడుకోకపోతే మరేం వాడుకుంటాడు.

రెండోది వాక్యం చివర క్రియ. మన వాక్యంలో అసలు సంగతి ఆఖరి మాట దాకా తెలియదు. "ఆమె ఉత్తరం చదివి మడిచి జాగ్రత్తగా పొయ్యిలో పెట్టింది." ఆఖర్న "పొయ్యిలో పెట్టింది" దగ్గరే దెబ్బ పడింది. ఇదే వాక్యాన్ని "పొయ్యిలో పెట్టింది ఆమె ఉత్తరాన్ని, చదివి మడిచాక" అని రాస్తే చప్పగా చచ్చింది. తిరగేసి రాయడం స్టైల్ అనుకుంటున్నారు ఈమధ్య చాలామంది, అవసరమైన చోట తప్ప వద్దు.

మూడోది కొంచెం డేంజర్. "వచ్చింది, కూర్చుంది, నన్ను చూసింది" అంటే అది అమ్మాయో కుక్కపిల్లో చెప్పనక్కర్లేదు తెలుగులో, రెండిటికీ ఒకటే క్రియ. దీన్ని పట్టుకుని కథంతా ప్రియురాలి గురించి అన్నట్టు రాసి ఆఖర్న అది కుక్కపిల్ల అని చెప్పే కథలు లెక్కలేనన్ని వచ్చాయి. ఇక ఆ బావిలో నీళ్ళు లేవు.

మాండలికం సంగతి. డైలాగ్ ఏ ఊరు మనిషిదైతే ఆ ఊరి మాటే రాయండి, కథనం మామూలు వాడుక భాషలో ఉన్నా ఫర్వాలేదు. పైన కండక్టర్ "గిదే బస్సు" అన్నాడు కాబట్టి ఆ ఊరు ఎటువైపుదో చెప్పాల్సిన పని పడలేదు. కానీ మీకు చెవికి పట్టిన యాసే రాయాలి. ప్రతి "ఇ"నీ "గి" చేసేసి తెలంగాణ అనుకోవడం, ప్రతి మాట చివరా "అబ్బా" తగిలించి రాయలసీమ అనుకోవడం ఆ ఊళ్ళవాళ్ళకి ఒళ్ళుమండే పని. తెలియకపోతే మామూలు తెలుగులో రాయడమే మర్యాద.

ఎండింగ్

ట్విస్టు మోజు అందరికీ ఉంటుంది, తప్పేం లేదు. కాకపోతే ట్విస్టు కథ రెండోసారి చదవబుద్ధి కాదు, తెలిసిపోయింది కదా ఇంకేముంది. మలుపు వేరు. మలుపున్న కథలో ఆఖరి వాక్యం చదివాక మనం మళ్ళీ పైకెళ్ళి మొదటి వాక్యం చూస్తాం. ఓటీపీ కథలో "రెండ్రోజులు మాట్లాడలేదు" అన్నాక మళ్ళీ పైకెళ్తే "గ్యాస్ బండ వచ్చినప్పుడు ఓటీపీ దానికే వస్తుందట" అన్నది సాకు అని అర్థమవుతుంది. ఆ చివర్లో "ట" చూడండి, కొడుకో కూతురో అమ్మ చెప్పిన మాటే తిరిగి చెప్తున్నారు, ఆ ఒక్క అక్షరం లేకపోతే కథ సగం పోయేది.

పనికొచ్చే పద్ధతి ఒకటి: డ్రాఫ్టు అయ్యాక ఆఖరి వాక్యం చెయ్యి అడ్డం పెట్టి మూసి చదవండి. కథ అప్పటికే అయిపోయినట్టు అనిపిస్తే ఆ వాక్యం తీసేయండి. మళ్ళీ దాని ముందుది మూయండి. చాలాసార్లు రెండు మూడు వాక్యాలు రాలిపోతాయి. మన మొదటి డ్రాఫ్టులో మానవత్వం వాక్యం రాలిపోయింది, "బాక్స్ ఆమెకిచ్చి" కూడా రాలిపోయింది. తిన్నవా అని అడిగాడు, ఆమె తిన్నదో లేదో మనకెందుకు.

మానుకోవాల్సినవి చెప్పమంటే: అంతా కల, చెప్తున్నవాడు ఆల్రెడీ చచ్చిపోయాడు, వృద్ధాశ్రమం గేటు దగ్గర కొడుకు కారు, అమెరికా నుంచి వీడియో కాల్‌లో అంత్యక్రియలు. చివరి రెండూ నిజంగా జరిగేవే, జరిగేవాళ్ళకి నరకమే, కానీ కథలుగా ఎన్ని వచ్చాయంటే మొదటి వాక్యానికే పాఠకుడు ఆఖరికి వెళ్ళిపోతున్నాడు. రాయాలనే ఉంటే చోటు మార్చండి మళ్ళీ, కొడుకు వైపు కాకుండా ఆ వీడియో కాల్‌కి ఫోన్ పట్టుకుని నిలబడ్డ పక్కింటి కుర్రాడి వైపు నుంచి చూడండి, చెయ్యి నొప్పెడుతుంటే దించాలా వద్దా అని.

పేరు

వంద పదాల కథకి పేరు ఊరికే వచ్చిన నూటొకటో పదం, చాలా పోటీల్లో టైటిల్‌ని లెక్కలోకి తీసుకోరు. కథలో చెప్పలేనిది అక్కడ పెట్టండి. ప్రాంప్ట్‌నే టైటిల్‌గా పెట్టడం బద్ధకం, పైన నేను పెట్టింది గైడ్ కోసం. ఈ కథని బయటికి పంపేటట్టయితే "నైట్ హాల్ట్" అని పెడతా, బస్సుకీ ఆమెకీ ఇద్దరికీ వర్తిస్తుంది. ఓటీపీ కథకి "రీచార్జ్" బానే ఉంటుంది. "అమ్మ ప్రేమ" అని మాత్రం పెట్టకండి దయచేసి, పేరులోనే కథ చెప్పేసినట్టు.

పంపే ముందు

ఒక రాత్రి పక్కన పెట్టి పొద్దున పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ వాక్యం బాలేదు. తర్వాత ప్రాంప్ట్ పరీక్ష: కథలోంచి ప్రాంప్ట్ తీసేస్తే కథ నిలబడుతుందా? చివరి బస్సు కాకుండా మధ్యాహ్నం బస్సయినా ఇదే కథ జరిగేట్టుంటే మీరు ప్రాంప్ట్‌ని వాడలేదు, తగిలించారు. మన కథలో అది నైట్ హాల్ట్ బస్సు కాకపోతే ఆమెని దించేసి బస్సు డిపోకి పోయేది, కథే లేదు. జడ్జీలు చూసేది ఇదే.

వాట్సాప్‌లో చుట్టాలకి పంపి ఎలా ఉంది అని అడగడం వల్ల సూపర్ అన్న మాట తప్ప ఏమీ రాదు. ఇద్దరికి చదివించి "ఏం జరిగింది ఇందులో" అని మాత్రం అడగండి. వాళ్ళు చెప్పేదాంట్లో కథ ఉంటే ఓకే. ఆమెని ఎవరో కొట్టారని ఇద్దరిలో ఒక్కరికీ అర్థం కాలేదంటే మరీ ఎక్కువ దాచారన్నమాట, ఒక మాట వెనక్కి తెచ్చి పెట్టుకోవాలి. ఎంత దాచాలన్నది లెక్కల్లో తేలేది కాదు, ఇలా చదివించుకుంటూనే తెలుస్తుంది.

పత్రికలకీ పోటీలకీ పంపేటప్పుడు హామీపత్రం అడుగుతారు: ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, ఎక్కడా పరిశీలనలో లేదు అని. ఫేస్‌బుక్‌లో పెట్టింది కూడా ప్రచురితం కిందే లెక్క చాలాచోట్ల, కాబట్టి లైకుల కోసం ముందే పెట్టేసుకుని తర్వాత బాధపడకండి. యూనికోడ్‌లో టైప్ చేసి పంపమంటే యూనికోడ్‌లోనే పంపండి, డీటీపీ వాళ్ళు వాడే పాత "అను" ఫాంట్లలో కొట్టించింది పంపితే అవతల తెరిచినవాళ్ళకి గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. పీడీఎఫ్ వద్దు అన్నచోట పీడీఎఫ్ పంపొద్దు. చిన్న విషయాలే గానీ కథ చదవకుండానే పక్కన పడేది వీటివల్లే.

ఈ వారానికి కొన్ని ప్రాంప్ట్‌లు

నేను వాడేవి కొన్ని ఇస్తున్నా, ఇష్టమొచ్చింది తీసుకోండి. ఒకే ప్రాంప్ట్‌తో మూడు వేర్వేరు మనుషుల వైపు నుంచి మూడు కథలు రాస్తే మూడు ప్రాంప్ట్‌లతో ఒక్కోటి రాసినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది.

"ఈ చీర ఇస్త్రీకి ఇచ్చింది మేం కాదు." ఇది మొదటి వాక్యం. నిషిద్ధం: దొంగతనం, అనుమానం, మొగుడు.

సత్తుగిన్నె, ఆధార్ కార్డు, మామిడిపూత. మూడూ రావాలి. అతకనిది ఏదో మీకే తెలుసు.

రేషన్ షాపులో వేలిముద్ర పడటం లేదు. ఆ వేలు ఏ పని చేసి అరిగిందో చెప్పకుండా తెలియాలి. అరవై పదాలు దాటొద్దు.

పెళ్ళి శుభలేఖల మీద పేర్లు రాస్తున్నారు. ఒక శుభలేఖ మీద పేరు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. మొత్తం డైలాగుల్లోనే, కథనం ఒక్క వాక్యం కూడా ఉండకూడదు.

అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారు, గోడకి మేకు ఒకటి మిగిలింది. మొదట తట్టేది నాన్న ఫొటోనే, అందరికీ అదే తడుతుంది, రాసి కొట్టేయండి. ఇంటి ఓనరు వైపు నుంచి మొదలుపెట్టి చూడండి.